లాగౌట్ చెయ్యని కామేష్

మా కేంద్రంలో కామేష్ అంతటి తెలివైనవాడు ఇంకొకరు లేరని చెప్పుకుంటారు. చెప్పుకునేది కామేషే. ఇంకొకరి నోట ఆ మాట విన్న గుర్తు నాకు లేదు.

మా కేంద్రం కోటబొమ్మాళిలో ఉంది. రైల్వే స్టేషన్‌కి వెళ్ళే దారిలో ఎరువుల కొట్టు, ఆ కొట్టు మీద మేడగది. సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళకి గాలి సంగతి, అలల సంగతి ముందుగా ఫోన్ చేసి చెప్పడం మా పని. ఒక ట్రస్టు వాళ్ళు నడుపుతున్నారు. ఆ గదిలో ఒక మూల నల్లటి పెట్టె గుయ్యిమంటూ ఉంటుంది. అదే లినక్స్ సర్వర్. కొన్నది ట్రస్టు వాళ్ళే గానీ, కామేష్ దాని ముందు కూర్చునే తీరు చూస్తే వాళ్ళ తాతగారు వీలునామాలో రాసిచ్చారనుకుంటారు.

నేనుండేది అక్కడ కాదు. సముద్రం ఒడ్డున మా పేటలో, సొసైటీ భవనంలో ఒక చిన్న గది నాది. ఒక పాత కంప్యూటరు, ఒక మైకు, తిరిగితే గోల పెట్టే ఫ్యాను. కంప్యూటర్లో రిమోట్ డెస్క్‌టాప్ తెరిస్తే కోటబొమ్మాళిలో ఉన్న సర్వర్ తెర ఇక్కడ నా ముందుకి వస్తుంది. ఆ తెర మీద నా గొంతు రికార్డు చేసి, 'పంపు' అనే స్క్రిప్ట్ నొక్కుతాను. స్క్రిప్ట్ అంటే బ్రహ్మవిద్య ఏమీ కాదు. ముందు ఇది చెయ్యి, తర్వాత అది చెయ్యి అని కంప్యూటరుకి వరసగా రాసిపెట్టిన మాటలు. అది నడిస్తే తీరం పొడుగునా పడవలవాళ్ళ ఫోన్లు ఒకదాని తర్వాత ఒకటి మోగుతాయి. అందరికీ వెళ్ళేసరికి గంట పైనే పడుతుంది. ఎత్తితే నా గొంతు వినబడుతుంది. నా పేరు అరుణశ్రీ. మా పేటలో ఆ పేరుతో ఎవరూ పిలవరు. 'ఫోన్లో గుంట' అంటారు. గుంట అంటే మా వైపు ఆడపిల్ల.

కామేష్‌కి నలభై దగ్గరపడ్డాయి. నుదుట విభూతి, చొక్కా జేబులో రెండు పెన్నులు, భుజాన ల్యాప్‌టాప్ సంచి. ఆ పెన్నులతో ఆయన ఏదైనా రాయగా చూసినవాళ్ళు లేరు. సంచి మాత్రం పెళ్ళికి వెళ్ళినా దిగదు. అరటాకు ముందు కూర్చుని పప్పు వడ్డించేలోపు సర్వర్ ఒకసారి చూసుకుంటాడట. ఇది ఆయనే గొప్పగా చెప్పాడు.

ఆయన స్క్రిప్టులు ఎలా ఉంటాయో ఒక్క సంగతి చెబుతాను. ఒకసారి నా రికార్డుకి 'ఉదయం గాలి' అని పేరు పెట్టాను. రెండు మాటల మధ్య ఖాళీ ఉంది కదా, కామేష్ స్క్రిప్ట్ దాన్ని రెండు ఫైళ్ళనుకుంది. 'ఉదయం' వెతికింది, లేదు. 'గాలి' వెతికింది, అదీ లేదు. ఎవరికీ ఫోన్ వెళ్ళలేదు. స్క్రిప్టులో ఆ పేరుకి అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెడితే తీరిపోయే బాధ అది. కామేష్ పెట్టాడా? లేదు. ఉద్యోగులెవరూ ఫైలు పేర్లలో ఖాళీ వదలరాదని అందరికీ ఆర్డరు వేశాడు. కింద సంతకం కూడా పెట్టాడు. తన తప్పు పోయి మా క్రమశిక్షణ సమస్య అయింది. అలాంటి మనిషి.

కానీ అసలు జబ్బు అది కాదు.

కామేష్ లాగౌట్ చెయ్యడు. దానికి ఆయన చెప్పే కారణం వినాలి. వాళ్ళది గజపతినగరం దగ్గర ఒక పాత శివాలయంలో అఖండ దీపం చూసుకునే కుటుంబం. తండ్రి జానకిరామయ్య గారు ఇప్పటికీ ఆ సేవలో ఉన్నారు. దీపం ఆరిపోయిందని మా ఇళ్ళల్లో కూడా అనం, కొండెక్కిందంటాం. కామేష్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. "వెలిగించినవాడు ఆర్పకూడదమ్మా. లాగౌట్ అంటే ఆర్పడమే" అంటాడు. పని అయ్యాక కిటికీ మూల ఉన్న ఇంటూ గుర్తు నొక్కి వెళ్ళిపోతాడు. కిటికీ మూసుకుంటుంది గానీ లోపల సెషన్ బతికే ఉంటుంది. గదిలో ఫ్యానూ లైటూ వేసి తలుపు గొళ్ళెం పెట్టి వెళ్ళిపోయినట్టన్నమాట. పోనీ మళ్ళీ వచ్చినప్పుడు ఆ గదికే వస్తాడా అంటే, రాడు. ఇంటి ల్యాప్‌టాప్ తెర ఒక సైజు, ఆఫీసుది ఒక సైజు, ఫోనుది మరొకటి. తెర సైజు మారితే సర్వర్ కొత్త సెషన్ తెరిచి ఇస్తుంది. ఆ కొత్తదాన్ని కూడా ఇంటూ నొక్కి వదిలేస్తాడు. ఇలా ఎన్ని గదుల్లో ఎన్ని ఫ్యాన్లు తిరుగుతున్నాయో దేవుడికే తెలియాలి.

సర్వర్ ఎంతకాలంగా ఆగకుండా నడుస్తోందో చూపించే కమాండ్ ఒకటి ఉంది. ట్రస్టు పెద్దలు ఎవరొచ్చినా మంచినీళ్ళు ఇవ్వకముందే ఆ కమాండ్ కొట్టి చూపిస్తాడు. "చూశారా, ఒక్క రోజు కొండెక్కలేదు" అంటాడు. వాళ్ళు తలూపుతారు. వాళ్ళకేం తెలుసు పాపం.

ఈ సెషన్ల బరువు నా మీద పడేది. సర్వర్ మెమరీ అంతా అవే తినేస్తే, నేను పాస్‌వర్డు కొట్టగానే నల్ల తెర వచ్చి అలాగే నిలబడిపోయేది. కామేష్‌కి ఫోన్ చేస్తే ఎప్పుడూ ఒకటే మాట. "నీ నెట్ బాగాలేదమ్మా." ఆయన మాట నమ్మి తీగ మార్పించాను. తీగ లాగిన కుర్రాణ్ణి తిట్టాను. నెట్ డబ్బా మార్పించాను. ఉప్పుగాలికి పాడయిందేమోనని కంప్యూటరు విప్పించి తుడిపించాను. చివరికి కోటబొమ్మాళి ఆఫీసులో పనిచేసే సుహాసిని జాలిపడి అసలు సంగతి చెవిలో వేసింది. "అక్కా, నీ నెట్ కాదు. ఆయన సెషన్లే. ఇన్నింటికి మించి తెరవకూడదని సర్వర్లో పరిమితి ఉన్నాది. అడ్డమొచ్చినప్పుడల్లా సెషన్లు తియ్యడు, పరిమితి పెంచుతాడు" అంది. తీసే అధికారం ఉన్న పాస్‌వర్డు ఆయన ఒక్కడి దగ్గరే ఉంది. సుహాసినికి ఇవ్వలేదు. ఆడపిల్ల ఏదో నొక్కేస్తుందని భయం.

మీటింగుకని కోటబొమ్మాళి వెళ్ళినప్పుడల్లా టీ దగ్గర ఆయన దీపం కథ వినాల్సిందే. నూనె ఎలా పోస్తారు, ఒత్తికి నుసి ఎలా కడుతుంది, కొత్త ఒత్తిని పాతదానితో వెలిగించి అది నిలదొక్కుకున్నాక పాతదాన్ని పుల్లతో పక్కకి ఎలా లాగి తీసేస్తారు, తియ్యకపోతే నూనె అంతా అదే ఎలా తాగేస్తుంది. టీ చల్లారిపోయేది, కథ అయ్యేది కాదు. ఇదంతా వినడం వల్ల ఒకరోజు ఉపయోగం ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు.

ఆ రోజు అక్టోబరులో ఒక మంగళవారం. పొద్దున్నే నాకూ మా ఆయన వినోద్‌కీ గొడవ. పులుసులో ఉప్పు ఎక్కువైందన్నాడు. ఇష్టమైతే తిను, లేకపోతే మానెయ్ అన్నాను. దానికి ఆయన, "నీ గొంతు ఊరంతా ఇంటన్నాది సాల్దేటి? ఇంట్లో కూడా నానే ఇనాలా?" అన్నాడు. నాకు తిక్కరేగి ఇంకో నాలుగు మాటలు కలిపాను. కంచం తోసేసి, పడవలో తోడుగా వెళ్ళే గంగులు మావని తీసుకుని మొగ దగ్గరికి వెళ్ళిపోయాడు. మొగ అంటే మా ఏరు సముద్రంలో కలిసే చోటు. ఫైబర్ బోట్లు అక్కడే కట్టుకుంటారు. పొద్దు తిరిగాక బయల్దేరి, చీకటి పడకముందే వల దించి, రాత్రంతా ఉంచి, తెల్లారి వస్తారు.

మధ్యాహ్నం భోజనం అయ్యాక హెచ్చరిక వచ్చింది. సాయంత్రం నుంచి ఈదురుగాలి, ఎవరూ సముద్రం మీదికి వెళ్ళవద్దు, వెళ్ళినవాళ్ళు వెంటనే ఒడ్డు చేరాలి. తుపాను కాదు కాబట్టి టీవీ వాళ్ళకి పట్టదు. ఆకాశం నీలంగా, కడిగినట్టు ఉంది. అలాంటి రోజునే మావాళ్ళు హుషారుగా వెళతారు.

రిమోట్ డెస్క్‌టాప్ తెరిచాను. పాస్‌వర్డు కొట్టాను. నల్ల తెర.

మూసి మళ్ళీ తెరిచాను. మళ్ళీ నల్ల తెర. కంప్యూటరు ఆపి వేశాను. అదే నలుపు. ముందు వినోద్‌కి నా ఫోను నుంచి చేశాను. మోగింది, కట్టేశాడు. మళ్ళీ చేశాను, మళ్ళీ కట్టేశాడు. పొద్దుటి కోపం ఇంకా దిగలేదన్నమాట. గంగులు మావకి చేస్తే ఆయన పెళ్ళాం కూర్మమ్మ ఎత్తింది. "ఆ ఫోను నా కాడే ఉన్నాది. తడిసిపోద్దని ఒగ్గీసి ఎల్లిపోనాడు" అంది. మిగతా పడవలవాళ్ళ నంబర్లన్నీ ఆ సర్వర్లోనే ఉన్నాయి. కేంద్రం నంబరు నుంచి ఫోను వెళితే తప్ప వినోద్ ఎత్తడు. ఆ నంబరు చూస్తే పడవవాళ్ళు ఎవరూ కట్టెయ్యరు, అదొక్కటే నాకు మిగిలిన ఆశ.

ఇంతలో మా అత్త లక్ష్మణమ్మ గుమ్మంలోకి వచ్చింది. చేతులకి ఇంకా చేపల పొలుసు అంటుకుని ఉంది. "ఏటే, ఇయాల నీ పిలుపు రానేదు? సముద్రం రంగు మారిపోనాది. ఆడు ఎల్లిపోతాడే" అంది. నేను కంప్యూటరు వైపు చూపించాను. ఆ నల్ల తెర వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని ఒడ్డు వెంబడి మొగ వైపు నడక మొదలుపెట్టింది. ఆవిడ అంత దూరం వెళ్ళేసరికి పడవలు దాటిపోతాయని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

కామేష్‌కి ఫోన్ చేశాను. తండ్రిని చూడ్డానికి గజపతినగరం వెళ్ళాడట. సంచి దగ్గరే ఉంటుంది కాబట్టి ఆయన ఎక్కడున్నా ఒకటే.

"కామేష్ గారూ, తెర నల్లగా ఉండిపోనాది. గాలి హెచ్చరిక పంపాల. బేగి సూడండి" అన్నాను.

"నీ నెట్ చూసుకున్నావా అమ్మా?"

"నెట్ బాగానే ఉన్నాదండి. మీ సెషన్లు తియ్యండి."

నా నోట ఆ మాట వస్తుందని ఆయన అనుకోలేదు. గొంతు మారింది. "అవన్నీ నీకు తెలిసే విషయాలు కావు. ఉండు, పరిమితి కొంచెం పెంచుతాను."

పెంచాడు. నల్ల తెరే.

"సర్వర్ కొంచెం అలిసినట్టుంది. దానంతట అదే సర్దుకుంటుంది. ఓ అరగంట చూద్దాం."

"అరగంటలో మా ఆయన మొగ దాటీసి ఎల్లిపోతాడండి."

"పోనీ నేనే రికార్డు చేసి పంపనా?" అన్నాడు. ఆయన గొంతూ, ఆయన మాటతీరూ వింటే మావాళ్ళు బ్యాంకులోంచి ఫోననుకుని కట్టేస్తారు. ఆ సంగతి ఆయనకి కూడా తెలుసు. ఊరికే అన్నాడు. తియ్యాల్సిన సెషన్లు తియ్యకుండా ఉండడానికి ఎన్ని దారులుంటే అన్నీ వెతుకుతున్నాడు.

నా ఒంట్లో రక్తం మరిగింది. ఉద్యోగం పోతే పోనీ అనిపించింది.

"మీ నాన్నగారు నిన్నటి ఒత్తులన్నీ ప్రమిదలోనే ఉంచీస్తారేటండి?" అన్నాను.

"అది వేరు, ఇది వేరమ్మా" అన్నాడు.

"సెప్పండి. టీ తాగినప్పుడల్లా సెప్పేరు కదా. కొత్త ఒత్తి ఎలిగేక పాతది లాగి పారీస్తారని మీరే సెప్పేరు. తియ్యకపోతే నూనంతా అదే తాగేస్తాదని మీరే సెప్పేరు. మరి మీరేటి సేస్తన్నారు? ఎప్పటివో మసి ఒత్తులన్నీ పోగెట్టి దీపాలంటన్నారు. ఇక్కడ నా ఒత్తికి సుక్క నూని నేదు. మీ దీపాల కోసం నా మొగుడు సావాలేటండి?"

ఫోను స్పీకర్లో పెట్టుకున్నట్టున్నాడు. వెనక నుంచి ఒక ముసలి గొంతు వినబడింది. "ఎవర్రా ఆ అమ్మాయి?"

"ఆఫీసులో అమ్మాయి నాన్నా."

"సరిగ్గానే అడిగింది కదరా. ఇంతకీ నువ్వు తియ్యనిది ఏవిటి?"

కీబోర్డు టకటక వినబడింది. కాసేపటికి ఏదో గొణుగుడు మొదలైంది. చెవి ఫోనుకి నొక్కి పెట్టి విన్నాను. ఒక్కొక్క సెషన్ తీసేస్తూ "కొండెక్కింది" అంటున్నాడు. మళ్ళీ టకటక. మళ్ళీ "కొండెక్కింది". నాకు జాలి వెయ్యలేదు. ఆ గదుల్లో ఏమేం వెలిగాయో సుహాసిని తర్వాత చెప్పింది. ఒకదాంట్లో పంచాంగం పేజీ, ఒకదాంట్లో సగంలో ఆపిన పాట కచేరీ, మిగతా వాటిల్లో తెర మీద దీపం బొమ్మ తప్ప ఏమీ లేదు. ఈ సంపద కోసం ఇన్నాళ్ళు నా నెట్‌ని తిట్టాడు.

తెర వచ్చింది. వెడల్పుగా, తెల్లగా, ఎప్పుడూ రానంత తొందరగా వచ్చింది. మైకు దగ్గరికి లాక్కుని రికార్డు నొక్కాను. రోజూ చెప్పే మాటలే. ఇది తీర సమాచార కేంద్రం. సాయంత్రం నుంచి ఈదురుగాలి. మొదటి మాటకే గొంతు వణికింది. "ఎవురూ ఎల్లకండి. ఎల్లినోలు ఎనక్కి వచ్చీండి" అనే దగ్గర పూర్తిగా జీరపోయింది. చివరి మాట ఏడుపులో కలిసిపోయింది. రికార్డు ఆపి ముక్కు తుడుచుకున్నాను.

"పాడైపోనాదండి. ఒక్క నిమిషం, మళ్ళీ సేస్తాను" అన్నాను ఫోన్లో.

"వద్దమ్మా" అన్నాడు కామేష్. "మళ్ళీ చేస్తే రోజూలాగే చదువుతావు. అలాగే పంపేస్తున్నాను." నేను నోరు తెరిచేలోపు అక్కడి నుంచి స్క్రిప్ట్ నడిపేశాడు.

ఒళ్ళు మండిపోయింది. నా ఏడుపు తీరమంతా వినాలా? అప్పుడు కూడా పెత్తనమేనా? ఫోను కట్టేసి మొగ వైపు పరిగెత్తాను.

తర్వాత కామేష్ ఏం చేశాడో ఇక్కడే చెప్పేస్తాను. ఈ కథ చివర్లో ఆయన పేరు రాయడం నాకిష్టం లేదు. మూసేసి వదిలేసిన సెషన్లని రోజూ సాయంత్రం వెతికి తీసేసే స్క్రిప్ట్ ఒకటి రాశాడు. దానికి 'నుసి' అని పేరు పెట్టాడు. తర్వాతి మీటింగులో, తను ఎన్నాళ్ళుగానో ఆలోచించి కనిపెట్టిన కొత్త ఏర్పాటని ట్రస్టు పెద్దలకి వివరించాడు. వాళ్ళు చప్పట్లు కొట్టారు. నేనూ సుహాసినీ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఫైలు పేర్లలో ఖాళీ వదలరాదన్న ఆర్డరు మాత్రం గోడ మీద ఇంకా అలాగే ఉంది.

ఇక మొగ దగ్గరి సంగతి. నేను వెళ్ళేసరికి గాలి లేచింది. ఇసుక కళ్ళల్లో కొడుతోంది. ఫోను అందిన పడవలు ఒక్కొక్కటే తిరిగి వస్తున్నాయి, ఆడవాళ్ళు పేర్లు పెట్టి పిలుస్తున్నారు. మా అత్త నీళ్ళల్లో మోకాలి లోతు దాకా దిగి నిలబడింది. నేను వెళ్ళి పక్కన నిలబడితే నా వైపు తిరగలేదు. వచ్చిన ప్రతి పడవనీ చూస్తున్నాం, అది మాది కాదు. చీకటి పడబోతుండగా అలల మీద ఎగిరెగిరి పడుతూ వినోద్ పడవ మొగలోకి దూరింది. మా అత్త అప్పుడు కూర్చుంది, ఆ నీళ్ళల్లోనే.

పడవలో వల లేదు. గంగులు మావ కిందకి దిగుతూనే గొణుగుతున్నాడు. "పిచ్చోడు. సగం వల దించీసేం కదా, ఈ గాలికేటి అవుద్ది, లాగీసి ఎల్దామంటే ఇనలేదు. కత్తి తీసి తాడు కోసీసేడు."

వినోద్ తడిసిన బట్టలతో నా ముందుకి వచ్చి నిలబడ్డాడు. నా మొహం అటూ ఇటూ తిప్పి చూశాడు, దెబ్బలేమైనా తగిలాయేమోనన్నట్టు.

"ఫోనెత్తేవా?" అన్నాను.

"ఎత్తేను. నీ గొంతని తెలిసి కట్టీబోనాను. రోజూ బడిపిల్లలు పద్యం సదివినట్టు సదివీసి పోతావు కదా. ఇయాల ఏడుస్తన్నావు. ఇంటికాడ ఏటో అయిపోనాదనుకున్నాను. గాలి సంగతి నానెక్కడ ఇన్నాను?"

వాళ్ళు వల ఉంచిన చోట ఆ రాత్రి సముద్రం ఎలా ఉందో మరునాడు ఒడ్డుకి కొట్టుకొచ్చిన చెక్కలు, తాళ్ళు చూస్తే తెలిసింది. వల ముక్క కూడా దొరకలేదు. మా అత్త ఇప్పటికీ పొద్దువాలితే ఒకసారి సముద్రం వైపు చూసి, ఒకసారి కొడుకు వైపు చూస్తుంది.

ఆ రికార్డు నేను మళ్ళీ చేసి ఉంటే బాగానే చేసేదాన్ని. గొంతు సర్దుకుని, ఎప్పటిలాగే, తప్పు లేకుండా చదివేదాన్ని. వినోద్ మొదటి ముక్క విని కట్టేసేవాడు.

ఈ సంగతి కామేష్‌కి ఇప్పటిదాకా చెప్పలేదు. చెబితే నేను ఈ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ టీ తాగినప్పుడల్లా వినాలి.